చిప్పు కాలు మోపే చోటు: సర్క్యూట్ బోర్డు ఫుట్‌ప్రింట్లను అక్షరాల్లో రాయడం ఎలా?

ఎల్‌ఈడీ బల్బు, మొబైల్ చార్జరు, ఇంటి కరెంటు మీటరు... దేన్ని విప్పి చూసినా లోపల ఒక పలక కనిపిస్తుంది. చాలావరకు అది పచ్చగా ఉంటుంది. అదే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు. దాని మీద రెసిస్టర్లు, కెపాసిటర్లు, చిప్పులు టంకంతో అతికి ఉంటాయి. ఒక భాగాన్ని ఊడదీస్తే దాని కింద మెరిసే చిన్న లోహపు గడులు బయటపడతాయి. రెసిస్టరుకు రెండు గడులు, ఎనిమిది కాళ్ల చిప్పుకు ఎనిమిది. ఈ గడులను ప్యాడ్లు అంటారు. తడి మట్టిలో పాదం వదిలిన గుర్తులా కనిపించే ఆ ప్యాడ్ల అమరికను ఫుట్‌ప్రింట్ అంటారు.

బోర్డును రూపొందించేవారు ప్రతి భాగానికీ దాని ఫుట్‌ప్రింట్‌ను కంప్యూటరులో ముందే సిద్ధం చేసుకోవాలి. ఇందులో పొరపాటు జరిగితే తెర మీద చూసి పట్టుకోవడం కష్టం. సర్క్యూట్ సరిగానే ఉంటుంది, రాగి దారులూ సరిగానే కలుస్తాయి. బోర్డులు అచ్చయి వచ్చాక, చిప్పును వాటి మీద పెట్టినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. అప్పటికి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది, వారాల సమయం గడిచిపోయి ఉంటుంది. రాగిలో అచ్చయిన తప్పును చెరిపి రాయడం కుదరదు.

అందుకే ఫుట్‌ప్రింట్‌ను ఏ రూపంలో భద్రపరచాలన్న ప్రశ్నకు ఇంత ప్రాముఖ్యం. ఒకరు రాసినదాన్ని మరొకరు, మరో దేశంలో, మరో ప్రోగ్రాముతో, పదేళ్ల తర్వాత తెరిచినా అదే అర్థం రావాలి. అలాంటి ఫైలును మామూలు అక్షరాల్లో, అంటే టెక్స్ట్‌గా రాయాలంటే ఏయే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలో చూద్దాం.

ప్యాడ్ వెనుక ఉన్న భౌతికశాస్త్రం

చిప్పు కాలు ఎంత ఉంటే ప్యాడ్ అంతే ఉంటే సరిపోదా? సరిపోదు. ఎనిమిది కాళ్లుండి, కాలికీ కాలికీ మధ్య 1.27 మి.మీ. దూరం ఉండే ఒక సాధారణ చిప్పును తీసుకుందాం. దాని రెండు పక్కల కాళ్ల కొసల మధ్య దూరం సుమారు 6 మి.మీ. ఫుట్‌ప్రింట్‌లో మాత్రం రెండు పక్కల ప్యాడ్ల బయటి అంచుల మధ్య దాదాపు 6.9 మి.మీ. ఉంచుతారు. కాలి కొసను దాటి మిగిలే ఆ కొద్ది చోటులోనే కరిగిన టంకం వాలుగా పేరుకుని కాలిని గట్టిగా పట్టుకుంటుంది. కాలి వేలు, మడమ, పక్కలు అంటూ మూడు వైపులా ఎంతెంత టంకం ఉండాలో లెక్కగట్టే పద్ధతిని ఐపీసీ-7351 అనే ప్రమాణం చెబుతుంది. బోర్డు మీద భాగాలు పలుచగా ఉన్నాయా, ఒత్తుగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఒకే చిప్పుకు మూడు స్థాయిల్లో ప్యాడ్ కొలతలను అది సూచిస్తుంది.

కరిగిన టంకానికి తలతన్యత ఎక్కువ. సీసం లేని టంకం సుమారు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలవుతుంది. కరిగాక అది తన ఉపరితలాన్ని తగ్గించుకునేందుకు చూస్తూ, పైనున్న భాగాన్ని ప్యాడ్ల మధ్యకు లాగుతుంది. యంత్రం చిప్పును కాస్త పక్కకు పెట్టినా, ప్యాడ్లు సరిగ్గా ఉంటే అది దానంతట అదే సర్దుకుంటుంది. ఇదే బలం కీడు కూడా చేయగలదు. ఒక మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఉండే రెసిస్టరుకు రెండు ప్యాడ్లు ఒకే కొలతలో లేకపోతే, ఒక వైపు లాగుడు ఎక్కువై రెసిస్టరు నిట్టనిలువుగా లేచి నిలబడుతుంది. సమాధి రాయిలా కనిపిస్తుంది కాబట్టి ఈ లోపాన్ని టూంబ్‌స్టోనింగ్ అంటారు.

ప్యాడ్ అంటే ఒక్క రాగి గడి మాత్రమే అనుకోకూడదు. దాని చుట్టూ పచ్చని పూతను ఎంత మేర తీసేయాలి, దాని మీద టంకం ముద్దను ఎంత మేర పూయాలి, చిప్పు ఆకారాన్ని తెల్ల సిరాతో ఎక్కడ గీయాలి, పక్క భాగాలు ఎంత దూరంలో ఆగాలి అన్నవన్నీ ఫుట్‌ప్రింట్‌లో భాగమే. ఇవన్నీ వేర్వేరు పొరలు. ఫైలు ఈ పొరలన్నిటి గురించీ చెప్పాలి.

అక్షరాల్లోనే ఎందుకు?

కంప్యూటరు తన జ్ఞాపకంలోని అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా ఫైలులోకి దింపేయవచ్చు. దాన్ని బైనరీ ఫైలు అంటారు. అది చిన్నదిగా ఉంటుంది, వేగంగా తెరుచుకుంటుంది. అయితే దాన్ని రాసిన ప్రోగ్రాము మూలపడిన రోజున ఫైలు మూగబోతుంది. టెక్స్ట్ ఫైలును ఏ కంప్యూటరులోనైనా తెరిచి కళ్లతో చదవవచ్చు.

మరో ప్రయోజనం ఇంకా పెద్దది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే గిట్ వంటి ఉపకరణాలు ఫైళ్లను వరుసలుగా పోలుస్తాయి. ఒక ప్యాడ్ వెడల్పు 0.6 నుంచి 0.65 మి.మీ.కు మారితే, టెక్స్ట్ ఫైలులో ఆ ఒక్క వరుసే ఎత్తి చూపవచ్చు. పరిశీలించేవారు ఆ మార్పు అవసరమా కాదా అని అక్కడికక్కడే తేల్చవచ్చు. బైనరీ ఫైలు విషయంలో ‘ఫైలు మారింది’ అన్న సమాచారమే దక్కుతుంది. వందల మంది కలిసి వేల ఫుట్‌ప్రింట్లను పెంచి పోషించే గ్రంథాలయాలకు ఈ తేడా ప్రాణప్రదం.

మొదటి ప్రశ్న: అంకె సరే, అది దేని కొలత?

ఎలక్ట్రానిక్స్‌లో రెండు కొలమానాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. పాత తరం చిప్పుల కాళ్ల మధ్య దూరం అంగుళంలో పదో వంతు, అంటే 2.54 మి.మీ. అంగుళంలో వెయ్యో వంతును ‘మిల్’ అంటారు. కొత్త చిప్పుల్లో చాలావాటి కొలతలు 0.5 మి.మీ., 0.4 మి.మీ. అంటూ మెట్రిక్ పద్ధతిలో ఉంటాయి. భాగాల పేర్లలోనూ ఈ గందరగోళం ఉంది. అంగుళాల లెక్కలో ‘0402’ అనే రెసిస్టరు 1 మి.మీ. పొడవు, 0.5 మి.మీ. వెడల్పు ఉంటుంది. మెట్రిక్ లెక్కలో అదే ‘0402’ అంటే 0.4 మి.మీ. పొడవు, 0.2 మి.మీ. వెడల్పు. పేరు ఒకటే, వస్తువులు రెండు.

ఫైలులో ప్రమాణం రాయకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉదాహరణలున్నాయి. బోర్డుల తయారీ కేంద్రాలకు చిత్రాలను పంపేందుకు దశాబ్దాలుగా వాడుతున్న గెర్బర్ రూపం కూడా టెక్స్టే. దాని పాత అవతారంలో అంకెలకు దశాంశ బిందువు ఉండేది కాదు. బిందువు ఎక్కడ పెట్టుకోవాలో, అంకెలు అంగుళాలో మిల్లీమీటర్లో వేరే కాగితంలోనో వేరే ఫైలులోనో చెప్పాల్సి వచ్చేది. ఆ రెండోది పోతే మొదటిది ఉత్త అంకెల కుప్ప. తర్వాత వచ్చిన విస్తృత గెర్బర్ రూపం ఈ వివరాలను ఫైలులోపలికే తెచ్చింది.

జీఈడీఏ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కుటుంబంలోని ‘పీసీబీ’ ప్రోగ్రాములో మరో వింత. దాని ఫుట్‌ప్రింట్ ఫైలులో అంకెల చుట్టూ గుండ్రని కుండలీకరణాలుంటే అవి మిల్‌లు. చతురస్రపు కుండలీకరణాలుంటే మిల్‌లో వందో వంతులు. ఒక్క గుర్తు మారితే కొలత వంద రెట్లు మారిపోతుంది. పాత ఫైళ్లు చెడకుండా కొత్త సూక్ష్మతను తెచ్చేందుకు చేసిన ఏర్పాటు ఇది. కంప్యూటరుకు ఇబ్బంది లేదు. కొత్తగా ఫైలు తెరిచిన మనిషికి మాత్రం ఆ గుర్తులోని రహస్యం తెలిసే దారి లేదు. తర్వాతి రోజుల్లో అంకె పక్కనే మి.మీ. అని, మిల్ అని రాసే వీలు కల్పించారు.

ఎంత సూక్ష్మంగా రాయాలి?

ప్రమాణం తేలాక, దాన్ని ఎన్ని ముక్కలు చేయాలన్నది తర్వాతి లెక్క. కాళ్ల మధ్య 0.5 మి.మీ. దూరం ఉన్న చిప్పును తీసుకుందాం. 0.5 మి.మీ. అంటే 19.685 మిల్‌లు. ఫైలులో పూర్ణ మిల్‌లు మాత్రమే రాసే వీలుంటే దీన్ని 20 చేయాలి. అంటే 0.508 మి.మీ. ఒక్కో కాలి దగ్గర తేడా 0.008 మి.మీ. మాత్రమే. ఇది తల వెంట్రుక మందం కన్నా చాలా తక్కువ.

ఇప్పుడు 144 కాళ్ల చిప్పును ఊహించుకోండి. నాలుగు వైపులా వైపుకు 36 కాళ్లు, వాటి మధ్య 35 ఖాళీలు. మొదటి కాలిని ప్యాడ్ మీద సరిగ్గా నిలిపి, ప్రతి ఖాళీనీ 0.508 మి.మీ.గా కొలుచుకుంటూ పోతే చివరికి తేడా 0.28 మి.మీ. అవుతుంది. రెండు కాళ్ల మధ్య దూరంలో సగం 0.25 మి.మీ. అంటే చివరి కాలు తన ప్యాడ్ కన్నా పక్క ప్యాడ్‌కే దగ్గరవుతుంది. చిప్పును మధ్యకు సర్దినా రెండు కొసల్లోనూ 0.14 మి.మీ. చొప్పున తేడా మిగులుతుంది. చిన్న సవరింపులు ఒకే దిశలో పేరుకుపోతే ఇలాగే జరుగుతుంది.

ఈ చిక్కుకు చక్కని పరిష్కారం 1959లో కుదిరిన ఒక అంతర్జాతీయ ఒప్పందంలో దాగి ఉంది. అంగుళం అంటే కచ్చితంగా 25.4 మి.మీ. అని అప్పుడు నిర్ణయించారు. కాబట్టి ఒక మిల్ అంటే సరిగ్గా 25,400 నానోమీటర్లు. 0.5 మి.మీ. అంటే సరిగ్గా 5,00,000 నానోమీటర్లు. రెండూ పూర్ణసంఖ్యలే! నానోమీటరును పునాది ప్రమాణంగా పెట్టుకుంటే అంగుళాల లోకం, మెట్రిక్ లోకం రెండూ ఏ సవరింపూ లేకుండా ఇముడుతాయి. 32 బిట్ల పూర్ణసంఖ్యలో సున్నాకు అటూ ఇటూ సుమారు 214 కోట్ల నానోమీటర్లు పడతాయి. అంటే అటూ ఇటూ రెండు మీటర్లకు పైనే. సాధారణంగా తయారయ్యే బోర్డులకు అది చాలు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కీక్యాడ్ నడిచిన దారి ఇదే. 1992లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్-పియేర్ షార్రాస్ దీన్ని మొదలుపెట్టారు. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ కూడా దీని అభివృద్ధికి చేయి కలిపింది. దాని పాత ఫుట్‌ప్రింట్ ఫైళ్లలో ప్రమాణం అంగుళంలో పదివేలో వంతు. అందులో 0.5 మి.మీ. అంటే 196.85, పూర్ణసంఖ్య కాదు. కొత్త రూపంలో ప్రోగ్రాము లోపల నానోమీటర్లు లెక్కిస్తుంది, ఫైలులో మిల్లీమీటర్లు రాస్తుంది. దశాంశ బిందువు తర్వాత ఆరు స్థానాలు రాస్తే ఒక్క నానోమీటరు కూడా తప్పిపోదు.

రెండో ప్రశ్న: పైకి ఏది, కిందికి ఏది?

బడిలో గ్రాఫు కాగితం మీద వై అక్షం పైకి పోతే ధనం, కిందికి పోతే రుణం అని నేర్చుకుంటాం. కంప్యూటరు తెర మీద లెక్క తలకిందులు. పై అంచు నుంచి కిందికి దిగే కొద్దీ విలువ పెరుగుతుంది. కీక్యాడ్‌లో వై కిందికి పెరుగుతుంది, గెర్బర్ ఫైలులో పైకి పెరుగుతుంది. ఎవరి పద్ధతి వారిదే, రెండూ సరైనవే. ఒకదానికి రాసిన అంకెలను మరొకటి అలాగే చదివితేనే ప్రమాదం.

మన ఎనిమిది కాళ్ల చిప్పును పైనుంచి చూస్తే ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3, 4. కుడివైపు కిందనుంచి పైకి 5, 6, 7, 8. వై దిశ తిరగబడితే ఒకటో ప్యాడ్ నాలుగో కాలి కిందికి, ఎనిమిదో ప్యాడ్ అయిదో కాలి కిందికి వస్తాయి. ఎంతో వాడుకలో ఉన్న ఎల్ఎం358 వంటి చిప్పులో ఎనిమిదో కాలికి విద్యుత్తు అందాలి. తిరగబడిన ఫుట్‌ప్రింట్‌లో ఆ విద్యుత్తు అయిదో కాలికి, అంటే సంకేతం అందుకోవాల్సిన చోటికి చేరుతుంది.

చిప్పును తిప్పిపెట్టి సరిచేయలేమా? వీలుకాదు. అద్దంలోని ప్రతిబింబాన్ని ఎంత తిప్పినా అసలు రూపంతో సరిపోలదు. కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టనట్టే. పైగా తిరగబడిన ఫుట్‌ప్రింట్ చూపుకు ఏ తేడా లేకుండా ఉంటుంది. ప్యాడ్ల అమరిక అదే, అంకెలే తారుమారు. కాబట్టి మూలబిందువు ఎక్కడ, అక్షాలు ఎటు, భ్రమణ కోణం ఏ దిశలో ధనం అన్నవి రూపం నిర్వచనంలోనే సందేహానికి తావు లేకుండా ఉండాలి. చిప్పు నడిమధ్యన మూలబిందువు పెట్టడం మంచి అలవాటు. పేర్చే యంత్రం చిప్పును సాధారణంగా నడుమనే పట్టుకుని ఎత్తుతుంది.

మూడో ప్రశ్న: కాలి సంఖ్య నిజంగా సంఖ్యేనా?

ప్యాడ్లకు 1, 2, 3 అని పేర్లుంటాయి కాబట్టి వాటిని పూర్ణసంఖ్యలుగా రాసేద్దామని అనిపించవచ్చు. అడుగున గోళాల జాలం ఉండే బీజీఏ చిప్పులు వచ్చేసరికి ఆ ఏర్పాటు కూలిపోతుంది. వాటిలో అడ్డు వరుసకు ఒక ఇంగ్లిషు అక్షరం, నిలువు వరుసకు ఒక అంకె. ఏ1, బీ7, ఏఏ12 అన్నవి ప్యాడ్ల పేర్లు. ఆ అక్షరాల వరుసలోనూ ఖాళీలుంటాయి. ఒకటి అంకెలా కనిపించే ‘ఐ’ని, సున్నాలా కనిపించే ‘ఓ’ను, ఇంకా క్యూ, ఎస్, ఎక్స్, జడ్ అక్షరాలను వదిలేస్తారు. ‘హెచ్’ తర్వాత నేరుగా ‘జే’ వస్తుంది.

అంటే ప్యాడ్ పేరు ఒక మాట, దాన్ని మాటగానే రాయాలి. అంకెలా కనిపించేదల్లా లెక్కపెట్టే అంకె కాదని రైలు బోగీ నంబర్లు, పిన్‌కోడ్‌లు వాడేవారికి తెలిసిందే. ఒకే పేరు రెండు ప్యాడ్లకు ఉండే సందర్భాలూ ఉన్నాయి. యూఎస్‌బీ సాకెట్ లోహపు తొడుగుకు నాలుగు మూలలా కాళ్లున్నా విద్యుత్ పరంగా అవన్నీ ఒకటే. మరోవైపు, బోర్డుకు బిగించే మరచుట్టు రంధ్రానికి పేరే ఉండదు. ఈ మూడు సందర్భాలకూ రూపంలో చోటుండాలి.

నాలుగో ప్రశ్న: వాక్యం ఎలా కట్టాలి?

ఒక ప్యాడ్‌ను వరసగా అంకెలు పేర్చి చెప్పవచ్చు. ‘1, -2.475, -1.905, 1.95, 0.6’ అని రాసి, మొదటిది పేరు, తర్వాతి రెండూ స్థానం, చివరి రెండూ కొలత అని గుర్తుపెట్టుకోమనవచ్చు. పాత రూపాలు చాలావరకు ఇలాంటివే. క్లుప్తంగా ఉంటాయి. రేపు ప్యాడ్ మూలలను గుండ్రంగా చేసే సౌకర్యం కావాలంటే కొత్త అంకెను ఎక్కడ ఇరికించాలి? చివర పెడితే వరస పొడవవుతుంది. మధ్యలో పెడితే పాత ఫైళ్లన్నీ తప్పుగా అర్థమవుతాయి.

రెండో మార్గం, ప్రతి విలువకూ దాని పేరు జత చేయడం. కీక్యాడ్ ఇందుకు ఎస్-ఎక్స్‌ప్రెషన్ అనే పద్ధతిని ఎంచుకుంది. 1950ల చివర జాన్ మెకార్తీ రూపొందించిన లిస్ప్ భాషతో వచ్చిన పద్ధతి ఇది. దాని వ్యాకరణమంతా ఒకే నియమంలో ఇమిడిపోతుంది: కుండలీకరణం తెరువు, పేరు చెప్పు, వివరాలు చెప్పు, మూసెయ్. వివరాల స్థానంలో మరో కుండలీకరణం రావచ్చు. ఆ పద్ధతిని తెలుగు మాటల్లో పెట్టి చూస్తే మన చిప్పు ఫుట్‌ప్రింట్ ఇలా ఉంటుంది:

(ఫుట్‌ప్రింట్ "ఎస్ఓ-8"
  (రూపసంఖ్య 1)
  (ప్రమాణం మిమీ)
  (ప్యాడ్ "1" (ఆకారం దీర్ఘచతురస్రం) (స్థానం -2.475 -1.905) (కొలత 1.95 0.6) (పొరలు రాగి మాస్క్ పేస్ట్))
  (ప్యాడ్ "2" (ఆకారం దీర్ఘచతురస్రం) (స్థానం -2.475 -0.635) (కొలత 1.95 0.6) (పొరలు రాగి మాస్క్ పేస్ట్))
  ...)

ఒకటో ప్యాడ్‌కూ రెండో ప్యాడ్‌కూ మధ్య తేడా 1.27 మి.మీ. అని చదివినవారు అక్కడే లెక్క సరిచూసుకోవచ్చు. వై కిందికి పెరిగే పద్ధతి కాబట్టి ఒకటో ప్యాడ్ పై భాగంలో ఉంటుంది. రేపు మూలలు గుండ్రం కావాలంటే (మూల 0.15) అని ఇంకో కుండలీకరణం చేర్చవచ్చు; మిగతావి కదలవు. మొదట్లోనే ఉన్న రూపసంఖ్య, ఈ ఫైలు ఏ నియమాల ప్రకారం రాసిందో చెబుతుంది. పాత ప్రోగ్రాముకు కొత్త ఫైలు ఎదురైతే ఊహించి తప్పుగా గీయకుండా, ‘ఇది నాకు అర్థం కాదు’ అని ఆగిపోవడానికి ఆ ఒక్క అంకె పనికొస్తుంది.

ఇదొక్కటే దారి కాదు. ఈగల్ అనే ప్రోగ్రాము తన ఆరో కూర్పులో ఎక్స్ఎంఎల్‌ను ఎంచుకుంది. మరికొన్ని జేసన్‌ను వాడతాయి. ఏది ఎంచుకున్నా అసలు సూత్రం ఒకటే: విలువ పక్కన దాని పేరు ఉండాలి.

అయిదో ప్రశ్న: మళ్లీ రాసినప్పుడు ఏం మారాలి?

ఫైలును తెరిచి, ఏమీ మార్చకుండా తిరిగి భద్రపరిస్తే ఏమీ మారకూడదు. వినడానికి ఇది తేలికైన షరతు. సాధించడం అంత తేలిక కాదు.

కంప్యూటర్లు దశాంశాలను ద్విసంఖ్యా పద్ధతిలో ఉంచుకుంటాయి. అందులో 0.1కి కచ్చితమైన రూపం లేదు. అందుకే చాలా కంప్యూటరు భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఇలాంటి తోకలు ఫైలులోకి చేరితే, ఎవరూ ముట్టుకోని ప్యాడ్లు కూడా మారినట్టు కనిపిస్తాయి. అసలు మార్పు ఆ రొదలో కలిసిపోతుంది. నానోమీటర్లను పూర్ణసంఖ్యలుగా ఉంచుకోవడంలో ఉన్న రెండో లాభం ఇదే.

దశాంశ బిందువుతో మరో చిక్కు ఉంది. ఫ్రాన్స్, జర్మనీ వంటి దేశాల్లో సున్నా పాయింట్ అయిదును 0,5 అని కామాతో రాస్తారు. కంప్యూటరు భాషా అమరికను బట్టి ప్రోగ్రాము కూడా అలాగే రాస్తే, పారిస్‌లో రాసిన ఫైలు హైదరాబాద్‌లో తెరుచుకోదు. తెరుచుకుంటే ఇంకా ప్రమాదం, 0.5 కాస్తా 0 అయిపోవచ్చు. మనుషులకు చూపే అంకెలు వారి అలవాటు ప్రకారం ఉండవచ్చు. ఫైలులోని అంకెలు మాత్రం ప్రపంచమంతటా ఒకే తీరులో ఉండాలి.

వరుస క్రమం కూడా స్థిరంగా ఉండాలి. ప్యాడ్లను ఈరోజు ఒక క్రమంలో, రేపు మరో క్రమంలో రాస్తే పోలికకు అర్థముండదు. ఒక్కో ఫుట్‌ప్రింట్‌కు ఒక్కో ఫైలు ఉంటే ఈ పని ఇంకా సులువు. కీక్యాడ్ పాత పద్ధతిలో ఒకే ఫైలులో చాలా ఫుట్‌ప్రింట్లు, మొదట్లో వాటి జాబితా ఉండేవి. ఇద్దరు వేర్వేరు చిప్పులను చేర్చినా ఇద్దరూ ఒకే ఫైలును మార్చినట్టయ్యేది. కొత్త పద్ధతిలో గ్రంథాలయం అంటే ఒక ఫోల్డరు, అందులో ఫుట్‌ప్రింట్‌కు ఒక ఫైలు.

వంటకమా, వండే విధానమా?

రూపం గీసేవారి ముందు మిగిలే పెద్ద సందేహం ఒకటుంది. 144 ప్యాడ్లనూ విడివిడిగా రాయడమెందుకు? ‘వైపుకు 36, మధ్య దూరం 0.5’ అని రెండు ముక్కలు రాస్తే ప్రోగ్రామే లెక్కగట్టుకోదా?

ఈ దారిలో నడిచినవారు ఉన్నారు. జీఈడీఏ పాత గ్రంథాలయంలో ఫుట్‌ప్రింట్లను ఎం4 అనే మాక్రో భాషలో సూత్రాలుగా రాసేవారు. వాటిని అమలు చేస్తే ప్యాడ్లు పుట్టేవి. రాసేవారికి శ్రమ తక్కువ. చదివేవారికి మాత్రం చివరికి ప్యాడ్ ఎక్కడ పడుతుందో ఫైలు చూస్తే తెలియదు. సూత్రంలో ఒక మార్పు చేస్తే దాని మీద ఆధారపడిన ఫుట్‌ప్రింట్లన్నీ ఒకేసారి కదులుతాయి. నిరుడు సరిగా అచ్చయిన బోర్డు ఈ ఏడాది తేడాగా రావచ్చు. అందుకే అదే సమాజం ప్యాడ్లన్నీ విడివిడిగా రాసి ఉండే రెండో గ్రంథాలయాన్నీ నిర్మించుకుంది.

కీక్యాడ్ గ్రంథాలయంలో చాలావరకు ఈ రెండింటినీ విడదీశారు. ఒకే కుటుంబానికి చెందిన వందల చిప్పులకు పైథాన్ ప్రోగ్రాములు ఫుట్‌ప్రింట్లను తయారుచేస్తాయి. భద్రపరిచే ఫైలులో మాత్రం చివరి కొలతలే ఉంటాయి. వండే విధానం వంటింట్లో ఉంటుంది, విస్తట్లోకి వంటకమే వస్తుంది. ఫైలు పొడవు పెరిగినా, కనిపించేదే అచ్చవుతుందన్న భరోసా దక్కుతుంది.

కాగితంతో ఒక పరీక్ష

రూపం ఎంత బాగున్నా, అందులో రాసిన కొలత సరైనదని అది హామీ ఇవ్వలేదు. తయారీదారు పత్రంలో 0.65 అని ఉన్నచోట 0.5 అని రాస్తే ఫైలు దాన్ని నమ్మకంగా భద్రపరుస్తుంది. కాబట్టి కొన్ని తనిఖీలు తప్పవు. ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయా, పొరల్లో ఏదైనా మిస్సయిందా, పేర్ల వరసలో ఖాళీ ఉందా అన్నవి ప్రోగ్రాములు చూడగలవు. ఫైలు టెక్స్ట్‌లో ఉంటే ఇలాంటి తనిఖీ ప్రోగ్రామును ఇంజినీరింగ్ విద్యార్థి కూడా కొన్ని పదుల వరుసల్లో రాసుకోవచ్చు.

చివరి పరీక్షకు కంప్యూటరు కూడా అక్కర్లేదు. ఫుట్‌ప్రింట్‌ను అసలు కొలతలోనే కాగితం మీద అచ్చువేసి, పక్కనే గీసుకున్న 100 మి.మీ. గీతను స్కేలుతో కొలిచి, ప్రింటరు బొమ్మను కుదించలేదని నిర్ధారించుకోవాలి. తర్వాత అసలు చిప్పును ఆ బొమ్మ మీద పెట్టి చూడాలి. కాళ్లు ప్యాడ్ల మీద నిలిచాయా? ఒకటో కాలి గుర్తు ఒకటో ప్యాడ్ పక్కనే ఉందా? ఒక్క రూపాయి ఖర్చుతో వేల రూపాయల బోర్డులను కాపాడే పరీక్ష ఇది.

మన దేశంలోనూ ఈ రూపాలతో పనిచేసేవారు తక్కువేమీ కాదు. ఐఐటీ బాంబేలోని ఫాసీ ప్రాజెక్టు విద్యార్థుల కోసం తయారుచేసిన ఈసిమ్ అనే సర్క్యూట్ రూపకల్పన సాఫ్ట్‌వేర్, కీక్యాడ్‌ను, ఎన్‌జీస్పైస్‌ను ఆధారంగా చేసుకుంది. దాన్ని ఉచితంగా దించుకుని వాడుకోవచ్చు. అందులో బోర్డు గీసే విద్యార్థి ఫుట్‌ప్రింట్ ఫైలును ఒక్కసారి టెక్స్ట్ ఎడిటరులో తెరిచి చూస్తే, తెర మీది బొమ్మ వెనుక ఏముందో తెలుస్తుంది: ఒక్కో ప్యాడ్‌కు ఒక పేరు, ఒక చోటు, ఒక కొలత, కొన్ని పొరలు. వాటిలో ఒక్క అంకె మార్చి, బొమ్మలో ఏం కదిలిందో గమనిస్తే ఈ భాషలో మొదటి పాఠం పూర్తయినట్టే.